పరభాషల సమకాలీన సంగీతకారులను వెతికి పట్టుకునేది ఎలా? (మెట్రోలో రోజూ రెండు గంటలు వింటాను)

మలక్‌పేట శ్రోత
శనివారం, రాత్రి 9:40

సభ్యులందరికీ నమస్కారం. నేను మలక్‌పేట నుంచి రాయదుర్గం దాకా రోజూ మెట్రోలో వెళ్ళివచ్చే ఉద్యోగిని. అమీర్‌పేటలో బండి మారడంతో కలిపి పోను గంట, రాను గంట పడుతుంది. ఆ రెండు గంటలూ నాకు పాటలే తోడు. ఘంటసాల, బాలమురళీకృష్ణ, ఇళయరాజా, వారి తరువాత ఒకరిద్దరు: నలభై ఆరేళ్ళు వచ్చినా నా చెవి తిరిగిన ఊళ్ళు ఇవే. ఇప్పుడు మన కాలంలో బతికి ఉండి, పాడుతూ వాయిస్తూ ఉన్న ఇతర దేశాల, ఇతర భాషల వారిని వినాలని ఆరు నెలలుగా కోరిక పుట్టింది.

నేను వాడే పాటల యాప్‌లో 'ప్రపంచ సంగీతం' అని వెతికితే, వేణునాదం వెనక వాన చప్పుడు కలిపి, ధ్యానానికి మంచిదంటూ ఒక పాటల వరుస ఇచ్చింది. 'మీ కోసం కొత్తవి' అంటూ అది చూపించే వాటిలో పదింటికి ఏడు నేను పదో తరగతిలో ఉండగానే విన్నవి. అందుకని పేర్ల పట్టిక కాకుండా, మీలో ఎవరు ఏ దారిన ఏ సంగీతకారుడి దగ్గరికి చేరారో చెప్తే మేలు. భాష అర్థం కాకపోయినా పరవాలేదు గాని, నాలుగో నిమిషానికి నిద్ర మాత్రం రాకూడదు.

తార్నాక తంబుర
శనివారం, రాత్రి 10:25

నేను పిల్లలకు కర్ణాటక సంగీతం చెప్పేదానిని కాబట్టి నా దారి రాగం మీదుగా సాగింది. మూడేళ్ళ కిందట ఒక శిష్యురాలు పాఠం అయ్యాక ఫోను తీసి, "టీచర్, ఇది మోహనమేనా?" అని ఒక ఇథియోపియా పాట వినిపించింది. శ్రుతి పెట్టెను ఆ పాట షడ్జానికి సర్దుకొని, ఇద్దరమూ వెంట వెంట సరళి పాడినట్టు పాడి చూశాము. చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, పంచమం, చతుశ్రుతి ధైవతం తప్ప మరో స్వరం తగలలేదు. ఆ పిల్ల ముఖం చూడాలి, పరాయి ఊళ్ళో మేనత్త కనబడినట్టు వెలిగిపోయింది.

ఆ తరువాత తెలుసుకున్నది ఏమిటంటే, ఇథియోపియా ఎత్తుసీమల సంగీతానికి తిజితా, బతి, అంబసెల్, అంచిహోయె అని నాలుగు ముఖ్యమైన స్వరశ్రేణులు ఉన్నాయి. నాలుగూ ఐదేసి స్వరాలవే. తిజితాలో ఒక రూపం మన మోహనం స్వరాలతోనూ, బతిలో ఒక రూపం శుద్ధ ధన్యాసి స్వరాలతోనూ సరిపోతాయి. అక్కడి నుంచి ములాతు అస్తాత్కే అనే వాద్యకారుడి దగ్గరికి వెళ్ళాను. 1943లో పుట్టిన ఈయన లండన్‌లోనూ అమెరికాలోనూ చదువుకొని, ఆ ఐదు స్వరాల వరుసలను జాజ్ వాద్యాల మీదికి తెచ్చారు.

హైలు మెర్గియా కథ మాత్రం మీకు ప్రత్యేకంగా చెప్పాలి. అడిస్ అబాబాలో పేరున్న వాలియాస్ బృందంలో కీబోర్డు వాయించిన ఈయన 1981లో అమెరికా పర్యటనకు వెళ్ళి అక్కడే ఉండిపోయారు, బతుకుతెరువుకు వాషింగ్టన్‌లో టాక్సీ నడిపారు. విమానాశ్రయం దగ్గర వరుసలో నిలబడి తన వంతు వచ్చేలోపు, డిక్కీలోంచి కీబోర్డు తీసి వెనక సీట్లో కూర్చొని సాధన చేసుకునేవారట. ఆయన 1985లో చేసిన క్యాసెట్టు ఒకటి ఇథియోపియాలోని బహిర్ దార్ పట్టణంలో ఒక అమెరికా యువకుడి కంటబడి, 2013లో మళ్ళీ విడుదలయింది. దాంతో ఆయన తిరిగి వేదికలెక్కారు, 2018లో కొత్త ఆల్బం కూడా చేశారు. శంషాబాద్ వెళ్ళే దారిలో క్యాబ్ ఎక్కినప్పుడల్లా నాకు ఆయనే గుర్తుకు వస్తారు.

కాబట్టి మలక్‌పేట శ్రోత గారూ, చెవికి తెలిసిన గుమ్మంలో నుంచే బయటికి నడవండి.

విద్యానగర్ వీణ
శనివారం, రాత్రి 11:50

తార్నాక తంబుర గారు చెప్పిన కథలు బాగున్నాయి గాని, చెప్పిన దారితో నాకు పేచీ ఉంది.

మోహనం ఐదు స్వరాల పేరు కాదు. గాంధారాన్ని ఎలా పట్టుకుంటామో, ధైవతం మీద ఎంతసేపు నిలుస్తామో, ఏ సంచారం చేస్తే వినేవాడు 'ఆహా, మోహనం' అంటాడో, అదంతా కలిస్తే రాగం. హార్మోనియం మీద నల్ల మెట్లను వరుసగా నొక్కుకుంటూ పోయినా ఆ ఐదు స్వరాలే పలుకుతాయి. చైనా జానపదంలోనూ స్కాట్లాండ్ పాటలోనూ అవే ఉన్నాయి. అందరినీ మోహనం చుట్టాలుగా కలిపేసుకుంటే మనకు ముచ్చటగా ఉంటుంది గాని, వాళ్ళ గురించి తెలిసేది సున్న.

తిజితా అన్న మాటకు అమ్హారిక్ భాషలో జ్ఞాపకం అని అర్థం, గడిచిపోయిన దాని మీది బెంగ అని కూడా. స్వరశ్రేణికీ, ఒక పాటల తీరుకూ, ఆ మనఃస్థితికీ అదే పేరు. మనకు మోహనం అంటే ప్రసన్నత, పెళ్ళిపందిరి, చిన్నపిల్లల గీతం. ఆ తలపుతో తిజితా వింటే అందులోని బెంగ చెవిలో పడకుండానే పాట అయిపోతుంది.

మనవాళ్ళను బయటివాళ్ళు ఇలాగే విన్నప్పుడు మనకు ఎలా ఉంటుందో ఒకసారి తలచుకోండి. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు 1995లో మైకేల్ బ్రూక్ అనే కెనడా గిటారిస్టుతో కలిసి బ్రిటిష్ గాయకుడు పీటర్ గేబ్రియల్ నెలకొల్పిన రియల్ వరల్డ్ రికార్డు సంస్థకు ఒక ఆల్బం చేశారు. అది విదేశీ దుకాణంలో ఏ అరలో చేరి ఉంటుంది? 'ప్రపంచ సంగీతం' అన్న అరలోనే. ఆ మాట పుట్టుక కూడా శాస్త్రం కాదు, బేరం. 1987లో లండన్‌లో ఒక పబ్‌లో చిన్న రికార్డు సంస్థల వాళ్ళు కూర్చొని, ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికా రికార్డులను ఎక్కడ సర్దాలో తెలియని దుకాణదారుల కోసం ఆ పేరును ఖాయం చేసుకున్నారు. గ్రామీ అవార్డుల వాళ్ళు 2020లో ఆ మాట వదిలి 'గ్లోబల్' అని మార్చారు గాని అర మాత్రం అక్కడే ఉంది. శ్రీనివాస్ గారి ఖరహరప్రియ వెనక ఉన్న త్యాగరాజును ఆ అర చూపించదు. మనమూ మోహనం అనే అర ఒకటి తయారుచేసి ఇథియోపియాను అందులో సర్దితే తేడా ఏముంది?

తార్నాక తంబుర
ఆదివారం, ఉదయం 7:15

సగం ఒప్పుకుంటున్నాను. ఆ సగమైనా రాత్రంతా ఆలోచించి ఒప్పుకున్నది.

రాగమంటే స్వరాల పట్టిక కాదన్నది నేను రోజూ పిల్లలకు చెప్పే మాటే. అయితే మోహనం అన్న అనుమానమే రాకపోయి ఉంటే నా శిష్యురాలు ఆ పాట దగ్గర ఆగేదే కాదు, వేలు పైకి జరిపి తరువాతి పాటకు పోయేది. ఆగింది కాబట్టి ఆ పాటను మేము పాతికసార్లు విన్నాము. విన్న కొద్దీ అది మోహనం కాకుండా పోయింది. ఆ గాయకుడు దీర్ఘం చివర గొంతును సన్నగా వణికించే తీరు మన కంపితం కాదు, దానిని మేము ఎంత ప్రయత్నించినా అనుకరించలేకపోయాము. గుమ్మం దాటాక కూడా గుమ్మాన్నే చూస్తూ నిలబడితే తప్పు నాది, గుమ్మానిది కాదు.

నిజాంపేట నిశాచరుడు
ఆదివారం, ఉదయం 11:05

సంగీతం నాకు అంతగా తెలియదు, సూచనల వ్యవస్థలు రాయడం నా వృత్తి. కాబట్టి యాప్ మిమ్మల్ని ఎందుకు పదో తరగతికి తిరిగి పంపుతుందో చెప్పగలను.

ఇటువంటి వ్యవస్థకు పాట బాగోగులు తెలియవు. మీరు విన్న పాటలను విన్న ఇతరులు ఇంకేమి విన్నారో లెక్క కట్టి, ఆ కలిసిన భాగాన్ని మీ ముందు పెడుతుంది. ఘంటసాలను విన్న లక్షలమంది విన్న మరో పాట ఏదై ఉంటుంది? ఘంటసాల మరో పాటే. నైజర్ గిటారిస్టునూ ఘంటసాలనూ కలిపి విన్నవారు పదిమంది కూడా లేకపోతే ఆ రెండింటి మధ్య లెక్కకు అందే బాట లేనట్టే. పాట స్వరూపాన్ని విశ్లేషించే పద్ధతులు కూడా కలుస్తాయి గాని, జనం అడుగుజాడల బరువే ఎక్కువ. పైగా మీరు మొదటి అర నిమిషంలోపు దాటవేసిన ప్రతి పాటా మీకు నచ్చనిదిగా నమోదవుతుంది. కొత్త సంగీతానికి చెవి అలవాటు పడటానికి పట్టే సమయమేమో అంతకంటే ఎక్కువ.

డబ్బు సంగతి కూడా ఇందులోనే ఉంది. స్పాటిఫైలో ఒక పాటను 30 సెకన్లు వింటేనే అది ఒక వినికిడిగా లెక్కకు వస్తుంది. 2024 నుంచి, గడచిన 12 నెలల్లో కనీసం 1000 వినికిళ్ళు లేని పాటకు రాయల్టీ లెక్కించడం మానేశారు. తెలియని సంగీతకారుడు తెలియకుండానే ఉండిపోవడానికి ఇదొక కారణం. నచ్చినవారి ఆల్బంను బ్యాండ్‌క్యాంప్ వంటి చోట నేరుగా కొంటే, డిజిటల్ అమ్మకం మీద ఆ సంస్థ తీసుకునేది 15 శాతం.

ఇక నేను అనుసరించే పద్ధతి. మన కచేరీ పత్రికల్లో గాయకుడి పేరు కింద పక్కవాద్యాల వారి పేర్లు ఉంటాయి కదా, వాటి వెంట వెళ్ళండి. ఉదాహరణకు న్యూయార్క్‌లో ఉండే పాకిస్తానీ గాయని అరూజ్ అఫ్తాబ్ 2021 ఆల్బంలో హార్ప్ వాయించినది మేవ్ గిల్‌క్రిస్ట్ అనే స్కాట్లాండ్ వాద్యకారిణి. ఆ పేరు నొక్కితే స్కాట్లాండ్ తలుపు తెరుచుకుంటుంది. అదే అఫ్తాబ్ 2023లో పియానో వాద్యకారుడు విజయ్ అయ్యర్‌తోనూ, షహజాద్ ఇస్మాయిలీతోనూ కలిసి ఒక ఆల్బం చేసింది. అయ్యర్ తమిళ తల్లిదండ్రులకు అమెరికాలో పుట్టి, భౌతికశాస్త్రం చదివి, పియానో చాలావరకు సొంతంగా నేర్చుకొని జాజ్‌లోకి వచ్చినవాడు. రెండు నొక్కులకు నేను లాహోర్ గజల్ నుంచి న్యూయార్క్ జాజ్‌కు చేరాను. ఏ యంత్రమూ ఆ దారి చూపలేదు.

యాకుత్‌పురా యాత్రికుడు
ఆదివారం, మధ్యాహ్నం 3:30

అరూజ్ అఫ్తాబ్ పేరు వచ్చింది కాబట్టి నేనూ నోరు విప్పుతున్నాను. 2022లో ఆమెకు గ్రామీ తెచ్చిన గజల్ హఫీజ్ హోషియార్‌పురి రాసినది. మా ఇంట్లో అదే గజల్‌ను మెహదీ హసన్ గొంతులో విని పెరిగాము. మా అబ్బా వార్సీ సోదరుల ఖవ్వాలీ ఎక్కడ ఉన్నా వెళ్ళి, తెల్లవారాక ఇల్లు చేరే మనిషి. ఆయనకు ఆమె పాట వినిపిస్తే ముందుగా అడిగిన మాట, "తబలా ఏదీ?" అని. తబలా లేదు అబ్బా, అన్నాను. కొంతసేపు విని, "ఈ అమ్మాయి షేర్‌ను పాడటం లేదు, తనలో తాను చదువుకుంటోంది" అన్నారు. అది మెచ్చుకోలో ఫిర్యాదో ఇప్పటికీ నాకు తెలియదు గాని, ఆమె సంగీతం గురించి నేను చదివిన సమీక్షలన్నిటికంటే ఆ ఒక్క మాట దగ్గరగా ఉంది. షేర్‌కు (గజల్‌లోని ద్విపదకు) 'వహ్వా' అంటూ దాద్ ఇచ్చే సభ లేకుండా, ఒంటరి గదిలో పుట్టిన గజల్ అది.

నేను చెప్పదలచిన అసలు సంగతి వేరు. దూరదేశాల సంగీతాన్ని వెతుకుతున్న మనం మన వీధిలో మోగుతున్నదానిని ఎవరిదని అనుకుంటున్నాము? హైదరాబాద్‌లో పెళ్ళి బరాత్ అయినా, వినాయక నిమజ్జనం అయినా, పార్టీ గెలుపు ఊరేగింపు అయినా తీన్‌మార్ లేకుండా కదలదు. ఆ దరువు మర్ఫా అనే డప్పుల మేళం నుంచి వచ్చింది. మర్ఫా నిజాం సైన్యంలో కొలువుకు వచ్చిన యెమెన్‌లోని హద్రమౌత్ అరబ్బులతోనూ, ఆఫ్రికా మూలాల సిద్దీలతోనూ ఈ ఊరు చేరింది. ఏసీ గార్డ్స్ అన్న పేటలో ఆ రెండు అక్షరాలూ ఆఫ్రికన్ కావల్రీ అన్న మాటలే, బార్కాస్ అంటే బ్యారక్సే. మా పెద్దన్న పెళ్ళిలో మర్ఫా జట్టు గుమ్మం ముందు గడ్డి మంట వేసి, డఫ్ తోలును దానిమీద చుట్టూ తిప్పుతూ కాచి, వేలి గోటితో తట్టి చూసుకొని, మోత సరిగా పలికాకే లేచింది. అంతవరకు పెళ్ళికొడుకు గుర్రం మీద ఎదురుచూశాడు.

ఆ దరువు పట్టుకొని నేను మొరాకో గ్నావా సంగీతానికి చేరాను. సహారాకు దక్షిణం నుంచి బానిసలుగా, సైనికులుగా తరలించబడిన వారి వంశాల సంగీతం అది. మూడు తీగల గింబ్రీ, ఇనుప చిటికెలలాంటి ఖర్‌ఖెబ్‌లు దాని ఆయువుపట్టు. 2019లో యునెస్కో దానిని వారసత్వ జాబితాలో చేర్చింది. కాసాబ్లాంకాకు చెందిన అస్మా హమ్జావీ అనే యువతి, తండ్రి దగ్గర నేర్చుకొని, మగవాళ్ళు మాత్రమే వాయించే గింబ్రీని పట్టి, ఆడవాళ్ళ జట్టుతో పాడుతోంది. మొదట ఆమెనే వినండి, మెట్రో చప్పుడును కూడా ఆ ఇనుప చిటికెలు తనలో కలిపేసుకుంటాయి.

నిర్వాహకుడు
ఆదివారం, సాయంత్రం 6:00

చర్చ బాగా సాగుతోంది. ఇద్దరు సభ్యులు పాటల దొంగ ప్రతుల లంకెలు పెట్టారు, వాటిని తొలగించాను. పేరు చెప్తే చాలు, వెతుక్కోవడం ఎవరి పని వారిది.

బోయిన్‌పల్లి బాస్
ఆదివారం, రాత్రి 9:20

నేను పదిహేనేళ్ళుగా మెటల్ సంగీతం వినేవాడిని కాబట్టి ఇక్కడి పెద్దలు నన్ను సహించాలి. నిద్ర రాకూడదన్నది ప్రశ్న వేసినవారి షరతు కాబట్టి మంగోలియా నుంచి 'ది హూ' బృందాన్ని సూచిస్తున్నాను. గుర్రపు తల చెక్కిన రెండు తీగల మోరిన్ ఖూర్‌ను గిటారు మోతలో కలిపి, దాని మీద గొంతుకలోంచి అడుగు శ్రుతితో పాడతారు. ఆ ప్రాంతపు కంఠగానంలో ఒకే గొంతు కింద ఒక నిలకడైన శ్రుతిని పట్టి ఉంచుతుంది. నాలుకనూ పెదవులనూ సర్దుతూ ఆ శ్రుతిలోనే దాగి ఉన్న పై స్వరాలలో ఒకదానిని ఈలలా పైకి తీస్తుంది. తంబుర మంద్ర షడ్జం మీటితే అంతర గాంధారం తనంతట తాను వినిపిస్తుందని సంగీతం నేర్చినవాళ్ళు చెప్తారు కదా, అది తీగ చేసే పని. వీళ్ళు నోటితో చేస్తారు.

ఇంకొకటి, దీనిని నేను నా జన్మలో మరిచిపోలేను. దక్షిణ కొరియాలో లీనల్చి అని ఒక బృందం ఉంది (వాళ్ళు పలికేది ఇనల్చి అని). గాయకులు, రెండు బేస్ గిటార్లు, ఒక డ్రమ్స్, అంతే. మామూలు గిటారు అసలు లేదు. వాళ్ళు 2020లో పాన్సోరీ అనే పాత కథాగానంలోంచి ఒక కథను తీసుకొని నాట్యానికి పనికొచ్చే పాటలుగా చేశారు. పాన్సోరీలో ఒకరు నిలబడి విసనకర్రతో గంటల తరబడి కథను పాడి, మాట్లాడి, అభినయిస్తారు. పక్కన కూర్చున్న డోలు వాద్యకారుడు దరువు వేస్తూ మధ్యమధ్య 'చోతా' అని, అంటే 'బాగుంది' అని, కేక వేస్తాడు. ఇది చదివి మీకు హరికథ, బుర్రకథ, ఒగ్గుకథ గుర్తుకు రాకపోతే నన్ను ఈ వేదిక నుంచి తొలగించండి.

కథ ఇది. సముద్రంలో నాగరాజుకు జబ్బు చేస్తుంది, కుందేలు కాలేయం తింటే తగ్గుతుందని వైద్యుడు చెప్తాడు. తాబేలు ఒడ్డుకు వెళ్ళి, లేనిపోని ఆశలు పెట్టి, కుందేలును వీపున ఎక్కించుకొని తెస్తుంది. కొలువులో అసలు సంగతి తెలిసిన కుందేలు, "అయ్యో, కాలేయాన్ని ఇంట్లో మరిచి వచ్చాను" అంటుంది. పంచతంత్రంలో కోతి తన గుండె చెట్టు మీద ఉందని మొసలికి చెప్పినది గుర్తు తెచ్చుకోండి. ఈ కథ మన జాతక కథల నుంచే బౌద్ధంతోపాటు అక్కడిదాకా వెళ్ళిందని పండితులు చెప్తారు. అంటే రెండు బేస్ గిటార్లకు ఆ కుర్రకారు గెంతుతున్నది మా నాయనమ్మ నాకు అన్నం తినిపిస్తూ చెప్పిన కథకే.

విద్యానగర్ వీణ
ఆదివారం, రాత్రి 10:40

ఇదిగో, మళ్ళీ మనమే అక్కడికి వెళ్ళాము! ఇథియోపియాలో మోహనం, కొరియాలో పంచతంత్రం. రేపు ఎస్కిమోల దగ్గర ఆవకాయ దొరుకుతుంది.

హాస్యం పక్కన పెడితే, కథ ప్రయాణం నిజమే కావచ్చు. కానీ పాన్సోరీ గాయకుల గొంతు గమనించారా? ఆ గరుకుదనం కావాలని, ఏళ్ళ తరబడి సాధన చేసి తెచ్చుకున్నది. జలపాతాల పక్కన నిలబడి, ఆ హోరుకు మించి పాడి గొంతును రాటుదేల్చుకునేవారని చెప్తారు. మన గురువులు వద్దని తిట్టే బొంగురుతనమే అక్కడ విద్వత్తు. పోలికలోంచి కాకుండా ఈ తేడాలోంచి మొదలుపెట్టి ఉంటే నేను ఇంకా ముందే వాళ్ళను ఇష్టపడేదానిని. మూడు పాటలు విన్నాను, నాకు నచ్చాయి. అదే నా కోపం.

సంగారెడ్డి సొరబుర్ర
సోమవారం, ఉదయం 6:50

విద్యానగర్ వీణ గారు అడిగిన తేడాను నేను మరో వైపు నుంచి చెప్తాను. స్వరాలు పోలడం, కథ పోలడం కంటే, పాడేవారికి ఊళ్ళో ఉన్న స్థానం పోలితే వినవలసింది ఎక్కువ ఉంటుంది.

పశ్చిమాఫ్రికాలో గ్రియో అనే వంశాలు ఉన్నాయి. పోషకుల వంశచరిత్రను, రాజుల కథలను తరతరాలుగా నోటితో కాపాడి, శుభకార్యాల్లో పాడి, ప్రతిఫలం పుచ్చుకోవడం వారి వృత్తి. మన తెలంగాణలో ఆశ్రిత కులాలు చేసేది ఇదే. 12 మెట్ల కిన్నెరతో 2022లో పద్మశ్రీ పొందిన దర్శనం మొగిలయ్య గారిది డక్కలి కులం. డక్కలివారు మాదిగల పుట్టుపూర్వోత్తరాలను పాడే జాంబపురాణ గాయకులు. కిన్నెరకు వెదురు కర్ర, దాని కింద ఎండిన ఆనపకాయ బుర్రలు. గ్రియోల కోరాకు పెద్ద ఆనపకాయను నిలువునా రెండు చేసి, ఒక సగానికి ఆవు తోలు బిగించి, 21 తీగలు కడతారు. రెండుచోట్లా కాయ పండించినది రైతే, పాడేవాడికి పొలం ఉండదు.

కోరా మగపిల్లలకే చెప్పే విద్య. గ్రియో వంశంలో లండన్‌లో పుట్టిన సోనా జోబార్తే దానిని నేర్చి, వేదికల మీద వాయించి పేరు తెచ్చుకొని, తండ్రిగారి దేశమైన గాంబియాలో పిల్లల కోసం బడి పెట్టింది. ఆమె పాట విన్నాక నన్ను పట్టుకున్న ప్రశ్న, మా జిల్లాలో కిన్నెర పట్టిన ఆడపిల్లను నేను ఎందుకు చూడలేదన్నది. జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008 నుంచి దళిత మహిళలు నడుపుతున్న సంఘం రేడియోలో మా ఊరి పాటలు విన్నప్పుడు ఆ ప్రశ్న ఇంకా ముదిరింది.

నిజాంపేట నిశాచరుడు
సోమవారం, రాత్రి 12:15

ఆనపకాయ అనగానే నాకు నూనె డబ్బా గుర్తుకు వచ్చింది. మాలికి చెందిన తినారివెన్ బృందాన్ని మొదలుపెట్టిన ఇబ్రహీం అగ్ అల్హబీబ్ చిన్నప్పుడు డబ్బా, కర్ర, సైకిలు బ్రేకు తీగతో తొలి గిటారు కట్టుకున్నాడట. తిరుగుబాటులో తండ్రిని చంపేశాక శరణార్థిగా ఎడారిలో పెరిగినవాడు. ఆ బృందానికి 2012లో గ్రామీ వచ్చింది.

వాళ్ళ తరువాతి తరంలో నైజర్ దేశపు ఎడమచేతి గిటారిస్టు ఎండూ మొక్తార్ మీద నాకు మక్కువ ఎక్కువ. 2008లో నైజీరియాలో అతను రికార్డు చేసిన పాటలు, గొంతుకు ఆటోట్యూన్ (శ్రుతిని సరిదిద్దే సాఫ్ట్‌వేర్) పూసినవి, ఏ సంస్థా విడుదల చేయకుండానే సహారా అంతటా పాకాయి. పాకించినవి సెల్‌ఫోన్ల మెమరీ కార్డులు. ఒకరి ఫోనులోంచి మరొకరి ఫోనులోకి బ్లూటూత్ మీద దాటుకుంటూ పోయాయి. మన జగదీష్ మార్కెట్‌లో అదే కాలంలో ఇరవై రూపాయలిస్తే కార్డు నిండా పాటలు ఎక్కించేవారు, గుర్తుందా? కంప్యూటరు ముందున్న కుర్రవాడు "తెలుగా, హిందీయా, మిక్సా?" అని అడిగేవాడు. మిక్స్ అన్నవాడికే అదృష్టం. తెలియని ఫోల్డర్ ఒకటి తప్పకుండా వచ్చేది. యాప్‌లో పోయింది అదే, మరొకడి ఫోల్డర్ పొరపాటున మన చేతికి రావడం.

ఇప్పుడు దానికి నాకు దొరికిన ప్రత్యామ్నాయం రేడియో గార్డెన్. తెర మీద భూగోళం ఉంటుంది, దాని నిండా పచ్చని చుక్కలు. ఏ చుక్క మీద ఆగితే ఆ ఊరి రేడియో ఆ క్షణాన ప్రసారం చేస్తున్నది వినబడుతుంది. ఇక్కడ రాత్రి 9 గంటలైతే మాలి రాజధాని బమాకోలో మధ్యాహ్నం 3:30. ప్రకటనలు, ఫోను చేసిన శ్రోతలు, మధ్యలో పాట. పేరు తెలియకపోతే ఫోనుకు వినిపించి పట్టుకోవచ్చు.

మలక్‌పేట శ్రోత
మరుసటి ఆదివారం, రాత్రి 8:10

వారం పాటు మౌనంగా ఉన్నందుకు మన్నించండి, మీరు చెప్పినవి వింటున్నాను. జరిగింది జరిగినట్టు చెప్తాను.

హైలు మెర్గియాను సోమవారం ఉదయం విన్నాను, నచ్చారు. సాయంత్రం రద్దీలో నిలబడి వింటే మరీ నచ్చారు. అరూజ్ అఫ్తాబ్ మెట్రోకు పనికిరాదు, అమీర్‌పేట ప్రకటనలు ఆమెను మింగేశాయి. ఇంట్లో దీపం ఆర్పాక విన్నాను, యాకుత్‌పురా వారి అబ్బా అన్న మాట నిజం. ఎండూ మొక్తార్ గిటారు మొదటి రెండు రోజులు ఒకటే మోతగా తోచింది. మూడో రోజు మూసాపేట దగ్గరనుకుంటాను (ఆ రోజు పని మీద మియాపూర్ వెళ్ళాను), వెనకనున్న చప్పట్ల లెక్క దొరికింది. అప్పటి నుంచి ఆ చప్పట్లకే మిగతాది వేలాడుతున్నట్టు వినిపిస్తోంది. మోహనం తలపు నాకు మేలే చేసింది తార్నాక తంబుర గారూ. అయితే విద్యానగర్ వీణ గారు 'బెంగ' అన్న మాట చెప్పి ఉండకపోతే తిజితాను నేను హుషారు పాటగానే వినేవాడిని. ఎవరి పక్షమూ తీసుకోలేను. ది హూ మాత్రం నాకు తలనొప్పి తెచ్చింది, బోయిన్‌పల్లి బాస్ గారు క్షమించాలి.

లీనల్చి సంగతి. నిన్న రాత్రి వంటింట్లో ఫోను పెట్టి వింటుంటే, బియ్యం ఏరుతున్న మా అమ్మ, ఆమెకు డెబ్బై మూడేళ్ళు, "ఎవరురా అది, తగవు పడుతున్నారా?" అంది. కథ అని చెప్పాను. తాబేలు, కుందేలు, కాలేయం అంతా చెప్పాను. చేట పక్కన పెట్టి పూర్తిగా వింది. అయ్యాక, "వంత పాడేవాళ్ళు బాగున్నారు, కథకుడే నిలకడగా లేడు" అని తీర్పు చెప్పింది. తరువాత ఆమె అడిగిన దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. కుందేలు చివరికి ఒడ్డు ఎక్కిందా, లేదా?

బోయిన్‌పల్లి బాస్
మరుసటి ఆదివారం, రాత్రి 8:25

ఎక్కింది. కాలేయం తెచ్చిస్తానని తాబేలు వీపు మీదే ఒడ్డుకు వచ్చి, కాలు నేలకు ఆనగానే ఒక్క గెంతు గెంతి, తాబేలును నానా మాటలూ తిట్టి మరీ పోయిందని అమ్మగారికి చెప్పండి. నాగరాజు గతి ఏమయిందన్నది మాత్రం పాడేవారిని బట్టి మారుతుంది.